మోకాలి నొప్పికి ఆర్టీపీసీఆర్ కాగితం అడిగేటోళ్లకు

పోస్టు పెద్దగనే ఉన్నది. బస్సులోనో మెస్సు లైన్లోనో చదువుకోండి, కానీ మధ్యలో వదిలిపెట్టకండి.

పోయిన వారం ఇదే గ్రూపులో ఒక అన్న రాసిండు. కరోనా పోయి నాలుగేండ్లయింది, ఇంకా ఆ పేరు చెప్పి ఒళ్లు నొప్పులు, కీళ్ల నొప్పులు అనేటోళ్లు గ్రౌండుకు రాలేక సాకులు చెప్తున్నరు, మన తాతలు గుట్టలెక్కి దిగిన్రు, మనకేమైంది అని. దానికి మస్తు లైకులు వచ్చినయి. ఉప్పల్, నాచారం వైపు హాస్టళ్లలో ఉండేటోళ్లం కొంతమందిమి కూర్చొని దాని గురించి మాట్లాడుకున్నం. కామెంట్లో రెండు ముక్కలు పెడితే సరిపోదనిపించింది. అన్న మీద మాకు కోపం లేదు. ఆ మాట ఆయన ఒక్కడిదైతే ఇంత రాయకపోదుము. కంపెనీలో సూపర్‌వైజర్ అదే అంటడు, కోచింగ్ సారు అదే అంటడు, ఓపీ చీటీ రాసే ఆయన తల ఎత్తకుండా అదే అంటడు. ఇంతమంది ఒక్క మాట మీద ఉన్నరంటే అది నిజమన్నా కావాలె, ఇంతమందికీ సౌకర్యంగా అన్నా ఉండాలె. సౌకర్యమనే మా వాదన.

ముందు తాతల సంగతి చూద్దాం. 2005-06లో చికున్ గున్యా వచ్చినప్పుడు మన రాష్ట్రం మొత్తం మంచం పట్టింది. అప్పుడు మనలో చాలామంది ఉయ్యాలల్లో ఉన్నం, కొందరం పుట్టనే లేదు. ఇంట్లో పెద్దోళ్లను అడగండి. జ్వరం వారంలో తగ్గింది, కీళ్లు మాత్రం నెలల తరబడి పట్టేసినయి. గోడ పట్టుకొని లేసిన్రు, చెంబు పట్టుకోలేకపోయిన్రు. వైరస్ పోయినంక కూడా నొప్పి ఉంటదని తండాల, గూడేల అందరికీ తెలుసు, ఎవ్వరూ ఎవ్వరినీ బద్ధకం అనలేదు. ఎందుకంటే పటేల్ కూడా మంచంలనే ఉన్నడు. నొప్పి దొరకు కూడా వస్తే అది జబ్బు, కూలోనికి మాత్రమే మిగిలితే అది సాకు.

ఇప్పుడు కరోనా సంగతి. దాని తర్వాత ఒంట్ల ఏమైతదో మేం డాక్టర్లం కాకపోయినా చదివి తెలుసుకున్నంత చెప్తం. అందరికీ ఒకే కారణం ఉండదు, గొడవంతా అక్కడనే ఉన్నది. ఆక్సిజన్ మీద, ఐసీయూలో వారాల తరబడి పడుకున్న మనిషికి కండ కరిగిపోతది, దాన్ని మెల్లమెల్లగా వ్యాయామంతోనే తిరిగి పెంచుకోవాలె. కొందరికి జబ్బు తేలికగనే వచ్చి పోతది, కానీ ఆ తర్వాత కొంచెం ఎక్కువ కష్టపడ్డా తెల్లారి లేవలేరు. ఇంకొందరిలో వైరస్‌తో పోరాడే రక్షణ వ్యవస్థే తిరగబడి సొంత కీళ్లను వాపెక్కిస్తది. ఇంకొందరికి కరోనా కంటే దానికిచ్చిన మందుతో ఎముక దెబ్బతింటది. పైకి నలుగురూ చెప్పేది ఒకటే: నొప్పులు, నీరసం. నలుగురికీ ఇచ్చేది కూడా ఒకటే: సూది.

రెండో రకం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలె, బద్ధకం అనే నింద ఎక్కువ పడేది వాళ్ల మీదనే కాబట్టి. నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 25 మంది లాంగ్ కోవిడ్ వాళ్లను, 21 మంది ఆరోగ్యంగా ఉన్నవాళ్లను తీసుకొని దాదాపు పావుగంట సైకిల్ తొక్కించిన్రు. తొక్కక ముందు, తొక్కిన మరునాడు తొడ కండ నుంచి చిన్న ముక్క తీసి చూసిన్రు. లాంగ్ కోవిడ్ ఉన్నవాళ్ల కండలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా సరిగ్గా పనిచేయడం లేదు, శ్రమ తర్వాత కండ కణాలు దెబ్బతిన్న గుర్తులు కూడా ఎక్కువ కనిపించినయి. ఇది 2024 జనవరిలో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చింది. చిన్న పరిశోధనే, అందరికీ ఇదే అని చెప్పలేం. కానీ "రక్త పరీక్ష నార్మల్, ఎక్స్‌రే నార్మల్, నీకేం లేదు, పో" అనే మాటకు ఇది జవాబు. రక్త పరీక్షలో కనబడనిది కండ ముక్కలో కనబడింది. ఇట్లాంటి మనిషిని "నొప్పి వస్తే ఇంకో రౌండ్ కొట్టు" అని గ్రౌండ్ల తరిమితే ఏమైతదో ఆలోచించండి.

గ్రౌండ్ మాట ఎందుకంటే అది మనకు ఆట కాదు. 2022లో వచ్చిన పోలీస్ నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో. ఆ డిసెంబర్‌లో ఈవెంట్లు మొదలైనప్పుడు రెండో వేవ్ అయిపోయి ఏడాదిన్నర. మన ఇండ్లల్ల మొదటి సర్కారు కొలువు అంటే చాలామందికి కానిస్టేబులే. ఉస్మానియా గ్రౌండ్ల తెల్లారుజామున పరిగెత్తే పిల్లల్లో తండా పిల్లలు, గూడెం పిల్లలు ఎంతమంది ఉంటరో మనకు తెలుసు. మా సీనియర్ ఒకరు అప్పుడు తుంటి నొప్పితోనే పరిగెత్తిండు. ప్రతి వారం ఒక సూది. సూది వేసుకున్న రోజు రయ్యిమని పోయేటోడు, మూడో రోజు మెట్లు దిగలేకపోయేటోడు. ఆ సూదిలో ఏమున్నదో ఆయనకు తెలియదు, వేసినాయన చెప్పలేదు, చీటీ కూడా రాయలేదు. చివరికి ఎంఆర్ఐ తీస్తే తొడ ఎముక గుండుకు రక్తం అందక అది ఎండిపోవడం మొదలైందని తేలింది. ఇప్పుడు కొలువు మాట అట్లుంచండి, బాసింపట్టు వేసుకొని అన్నానికి కూర్చోలేడు.

ఈ జబ్బును అవాస్కులర్ నెక్రోసిస్, పొట్టిగా ఏవీఎన్ అంటరు. స్టెరాయిడ్ ఎక్కువ వాడితే వస్తది, మందు విపరీతంగా తాగినా వస్తది. 2021లో ముంబై హిందుజా హాస్పిటల్ డాక్టర్లు కరోనా తగ్గిన తర్వాత ఏవీఎన్ వచ్చిన ముగ్గురి గురించి బీఎంజే కేస్ రిపోర్ట్స్‌లో రాసిన్రు. ముగ్గురూ నలభై లోపు వాళ్లే. మామూలుగా ఇంత స్టెరాయిడ్‌కు ఏవీఎన్ రాదు, ఇంత తొందరగా రాదు అని వాళ్ల ఆశ్చర్యం. సగటున 758 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌కే, రెండు నెలల లోపే నొప్పి మొదలైంది. మొదట్లో ఎక్స్‌రేలో ఇది కనబడకపోవచ్చు, ఎంఆర్ఐలోనే తెలుస్తది. తొందరగా దొరికితే మందులతో ఆపే అవకాశం ఉంటది, ఆలస్యమైతే కీలు మార్చాలె. గజ్జల్లో నొప్పి, నడుస్తుంటే ఎక్కువవడం, కింద కూర్చోలేకపోవడం ఉంటే "కండ పట్టేసింది" అని జండూబామ్ రాసుకుంటూ కూర్చోకండి.

స్టెరాయిడ్ చెడ్డ మందు అని మేం అనడం లేదు. 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ డెక్సామెథసోన్ ప్రాణాలు కాపాడుతదని తేల్చింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు తగ్గినయి. అయితే ఇచ్చింది రోజుకు 6 మిల్లీగ్రాములు, ఎక్కువలో ఎక్కువ పది రోజులు. ఆక్సిజన్ అవసరం లేని వాళ్లకు దానితో లాభం కనబడలేదు. 2021 మే నెలలో ఎయిమ్స్ డైరెక్టర్ గులేరియా కూడా తేలిక జబ్బుకు ముందే స్టెరాయిడ్లు మొదలుపెట్టొద్దని బహిరంగంగానే చెప్పిండు. అయినా మన బస్తీల్లో, ఊర్లల్ల ఏమైందో తెలుసు కదా. జ్వరం వస్తే స్టెరాయిడ్, జ్వరం తగ్గినంక నొప్పులకు మళ్లీ స్టెరాయిడ్, దాని మీద డైక్లోఫెనాక్. 2024లో తెలంగాణ మెడికల్ కౌన్సిల్ ఆర్ఎంపీల క్లినిక్‌ల మీద దాడులు చేసింది. మంచిదే. కానీ రాత్రి ఎనిమిదింటికి షిఫ్ట్ దిగిన కూలోనికి ఆ టైముకు తెరిచి ఉన్న సర్కారు తలుపు ఏదో కూడా అదే రోజు చూపించాల్సింది.

మనకు ఇంకో సంగతి ఉన్నది, బయట ఎవ్వరూ మాట్లాడరు కాబట్టి మనమే మాట్లాడుకోవాలె. సికిల్ సెల్. గోండు, కోయ, కొలాం గూడేల్లో ఇది ఉందని దశాబ్దాలుగా తెలుసు. ఎర్ర రక్తకణం కొడవలి లెక్క వంకర తిరిగి సన్నని నాళాల్లో ఇరుక్కుంటది, ఎముకల్లో భరించలేని నొప్పి వస్తది, తుంటి ఎముక దానికదే దెబ్బతినొచ్చు. కరోనా లాంటి ఇన్ఫెక్షన్ వస్తే ఆ నొప్పుల దాడి మొదలయ్యే ప్రమాదం ఉంటది, స్టెరాయిడ్‌తో కూడా అది తిరగబెట్టొచ్చు. అంటే ఒక ఆదివాసి పిల్లగాడు తుంటి నొప్పి అని వస్తే, సూది పట్టుకునే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న "సికిల్ పరీక్ష అయిందా" అని. నగరంలో మమ్మల్ని ఎవ్వరూ అడగలేదు. కేంద్రం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 2047 నాటికి నిర్మూలన, గిరిజన ప్రాంతాల్లో 40 ఏండ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్ష అన్నరు. గిరిజన ప్రాంతాల్లో, సరే. చదువు కోసం, కూలి కోసం ఉప్పల్‌కు వచ్చిన గిరిజనుడు ఏ ప్రాంతం లెక్కలోకి వస్తడు? ఊర్ల క్యాంపు పెట్టినప్పుడు మేం హాస్టల్‌లో ఉంటం, హాస్టల్‌లో క్యాంపే పెట్టరు.

ఇప్పుడు అసలు తలనొప్పి, కాగితం. నొప్పి గురించి చెప్తే "కరోనా వచ్చినట్టు రిపోర్ట్ ఉందా" అని అడుగుతరు. ఇది అడిగేటోళ్లు ఉప్పల్ రోడ్డు మీద ఒక్కసారి తల తిప్పి చూడాలె. హబ్సిగూడలో సీసీఎంబీ ఉన్నది, తార్నాకలో ఎన్ఐఎన్ ఉన్నది. ఆ రెండు సంస్థలు, భారత్ బయోటెక్ కలిసి హైదరాబాద్‌లో 30 వార్డుల్లో దాదాపు 9000 మంది రక్తం పరీక్షించినయి. 2021 మార్చిలో లెక్క చెప్పినయి: నగరంలో 54 శాతం మందిలో యాంటీబాడీలు ఉన్నయి, అందులో నాలుగింట మూడు వంతుల మందికి తమకు కరోనా వచ్చిపోయినట్టే తెలియదు. అది రెండో వేవ్ రాకముందు సంగతి. అంటే మన పక్క సందులో ఉన్న శాస్త్రవేత్తలే చెప్తున్నరు, వచ్చినోళ్లలో ఎక్కువమంది దగ్గర రిపోర్ట్ ఉండే అవకాశమే లేదని. ఆ రోజుల్ల టెస్టు కోసం లైన్లో నిలబడితే ఆ రోజు కూలి పోతది, పాజిటివ్ వస్తే పద్నాలుగు రోజుల కూలి పోతది, ఓనరు రూము ఖాళీ చేయమంటడు. మనోళ్లు టెస్టు చేయించుకోకపోవడం తెలివితక్కువ కాదు, లెక్క కట్టుకొని చేసిన పనే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబర్‌లో పోస్ట్ కోవిడ్ కండిషన్‌కు నిర్వచనం ఇచ్చింది. కరోనా ఖచ్చితంగా వచ్చినట్టు తేలినా, వచ్చి ఉండొచ్చని అనిపించినా సరే, మామూలుగా మూడు నెలలకు కూడా లక్షణాలు ఉండి, కనీసం రెండు నెలలు సాగి, వేరే జబ్బుతో వివరించలేకపోతే దాన్ని లెక్కలోకి తీసుకోవాలె. వచ్చి ఉండొచ్చు అనే మాట అందులోనే ఉన్నది. జెనీవాలో కూర్చున్నవాళ్లు రిపోర్ట్ అడగకపోతే మన కౌంటర్ దగ్గర ఎందుకు అడుగుతున్నరు? కేంద్ర ఆరోగ్య శాఖ కూడా 2021 అక్టోబర్‌లోనే కరోనా తర్వాతి సమస్యల వైద్యానికి మార్గదర్శకాలు విడుదల చేసింది. జబ్బుల జాబితాలో దీనికి కోడ్ కూడా ఉన్నది, యూ09.9. అది చీటీ మీద రాయడానికి సిరా ఎక్కువ ఖర్చు కాదు.

రాస్తే ఏమొస్తది అంటరా? నాచారం, మల్లాపూర్, ఉప్పల్ ఇండస్ట్రియల్ ఏరియాల్లో మనోళ్లు ఎంతమంది ప్యాకింగ్‌లో, లోడింగ్‌లో, హౌస్‌కీపింగ్‌లో ఉన్నరో చూడండి. మా రూమ్మేట్ వాళ్లమ్మ ఒక కంపెనీలో అట్టపెట్టెలు మోసేది. రెండో వేవ్ తర్వాత భుజాలు, మోకాళ్లు పట్టేసి ఒక రోజు పోతే రెండు రోజులు పండుకునేది. ఆరు నెలలు చూసి కాంట్రాక్టర్ రావొద్దన్నడు. చట్టం ఏం చెప్తదంటే, నెలకు 21,000 లోపు జీతం ఉంటే, పదిమంది పనిచేసే చోటైతే ఈఎస్ఐ ఉండాలె. మన జీతంలోంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం. ఆరు నెలల్లో 78 దినాల కంట్రిబ్యూషన్ ఉంటే, జబ్బు చేసినప్పుడు ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇయ్యాలె. డాక్టర్ సర్టిఫికెట్ మీదనే ఇదంతా నడుస్తది. "బాడీ పెయిన్స్" అని రాస్తే మూడు రోజుల రెస్టు, మళ్లీ లైను. ఆ అమ్మకు ఆ నంబరే లేదు, అది వేరే దొంగతనం, ఇంకో పోస్టు రాస్తం.

టీబీ, పక్షవాతం లాంటి 34 దీర్ఘకాలిక జబ్బులకు ఈఎస్ఐలో రెండేండ్ల దాకా 80 శాతం జీతం ఇచ్చే పద్ధతి ఉన్నది. ఆ జాబితా కరోనాకు ముందు తయారైంది. కరోనాతో కార్మికుడు చనిపోతే కుటుంబానికి పెన్షన్ ఇచ్చే స్కీమును 2021లో తెచ్చిన్రు, సగటు కూలిలో 90 శాతం. చనిపోయినోళ్ల కుటుంబాలకు 50,000 రూపాయల పరిహారం కూడా అదే ఏడు వచ్చింది. ఇచ్చిన వాటిని తక్కువ చేయడం లేదు. కానీ చూడండి, కరోనా మనిషిని చంపితే లెక్క ఉన్నది, సగం చంపి వదిలిపెడితే లెక్క లేదు. కంప్యూటర్ ముందు కూర్చునే ఆయనకు మోకాలు నొప్పి వస్తే ఇంటి నుంచి పని. పెట్టె మోసే మనిషికి మోకాలే ఆఫీసు.

మన హాస్టళ్ల సంగతి కూడా అడుగుదాం. కండ తిరిగి రావాలంటే తిండి కావాలె. ఎన్ఐఎన్ లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్, అరవై కిలోల పిల్లగానికి 50 గ్రాములు. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములు. 2024 చివర్ల డైట్ చార్జీలు పెంచిన్రు, కాలేజీ హాస్టల్ వాళ్లకు నెలకు 1500 నుంచి 2100. చాలా ఏండ్ల తర్వాత పెంచినందుకు సంతోషమే. రోజుకు 70 రూపాయలు, అందులోనే టిఫిను, రెండు పూటల అన్నం. ఉప్పల్‌లో బయట ఒక ప్లేట్ భోజనం ఎంతో అందరికీ తెలుసు. నీళ్ల పప్పు తిని 1600 మీటర్లు ఎందుకు పరిగెత్తవురా అని అడిగేటోళ్లు ముందు మెస్సులో ఒక నెల తినాలె. ఇంకోటి, స్కాలర్‌షిప్పుకు 75 శాతం హాజరు. తెల్లారి లేవలేని పిల్లకు మెడికల్ సర్టిఫికెట్ కావాలె, సర్టిఫికెట్ ఇయ్యాలంటే జబ్బుకు పేరు కావాలె, పేరు రాయమంటే రిపోర్ట్ కావాలె. గానుగెద్దు తిరిగినట్టు తిరుగుడే.

"ప్రతి నొప్పినీ కరోనా ఖాతాలో వేస్తున్నరు" అని కొందరంటరు. లేదు. మేం అడుగుతున్నది దానికి ఉల్టా. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ ఉన్నా, విటమిన్ డి తక్కువున్నా నొప్పులుంటయి. మన చెల్లెళ్లలో సగం నీరసానికి రక్తం తక్కువ ఉండుడే కారణం కావొచ్చు. కీళ్ల వాతం మొదలవుతుండొచ్చు. అందుకే పరీక్ష చేయండి అంటున్నం. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి అరగంటకు పైన పడితే, కీలు వాచి వేడిగా ఉంటే, అది కండ నొప్పి లెక్క కాదు, రుమటాలజీ వాళ్లు చూడాలె, నిమ్స్‌లో ఆ విభాగం ఉన్నది. పరీక్ష చేయకుండా "ఏం లేదు" అనేటోనికి, పరీక్ష చేయకుండా "అంతా కరోనానే" అనేటోనికి తేడా ఏమున్నది? పని చేస్తే మరునాడు కుప్పకూలేటోళ్లకు విశ్రాంతి కొలిచి ఇయ్యాలె, మంచంలో కండ పోయినోళ్లకు వ్యాయామం కొలిచి ఇయ్యాలె. రెండు వైద్యాలు ఎదురెదురు. ఎవరికి ఏది అని తేల్చాలంటే ఫిజియోథెరపిస్ట్ కావాలె. బస్తీ దవాఖానల్లో బీపీ, షుగర్ చూస్తున్నరు, రక్త పరీక్షలు ఉచితంగా పంపుతున్నరు, మంచి పని. వారానికి ఒక్క పూట ఒక ఫిజియో కూర్చుంటే ఉప్పల్, నాచారం బస్తీల కూలోళ్లకు, హాస్టళ్లకు సరిపోతది. మేం ఎంఆర్ఐ మిషన్ పెట్టమంటలేం.

గ్రౌండ్ల ఉన్న అన్నలకు ఒక్క విన్నపం. కొత్త నోటిఫికేషన్ వస్తదని మళ్లీ అందరూ మొదలుపెట్టిన్రు. పక్కోడు కుంటుతుంటే వీడియో తీసి గ్రూపులో నవ్వే ఎమోజీ పెట్టకండి. ఎవరన్నా సూది ఇప్పిస్త అంటే మందు పేరు కాగితం మీద రాయమనండి. రాయనంటే అక్కడి నుంచి లేసి రండి.

ఈ ఆదివారం పొద్దున పది గంటలకు నాచారం వైపు హాస్టల్‌లో కలుస్తున్నం. నొప్పులున్నవాళ్లు, ఇంట్లో అమ్మానాయనలకు ఉన్నవాళ్లు పాత డిశ్చార్జ్ కాగితాలు, మందుల చీటీలు, ఖాళీ గోలి షీట్లు ఏవి ఉంటే అవి తేండి. సికిల్ పరీక్ష అయినోళ్లు ఆ కార్డు తేండి. ఈఎస్ఐ నంబర్ ఉన్నోళ్లు నంబర్, లేనోళ్లు ఎన్నేండ్లు ఏ గేటు లోపల పనిచేసిన్రో రాసుకొని రండి. అన్నీ కలిపి రెండు అర్జీలు రాస్తం, ఒకటి గిరిజన సంక్షేమ శాఖకు, ఇంకోటి ఈఎస్ఐ వాళ్లకు. రిపోర్ట్ లేనోళ్లు ముందు వరుసలో కూర్చోవాలె. పోయిన వారం పోస్టు పెట్టిన అన్న కూడా రావాలె, ఆయన చేతిరాత బాగుంటది, అర్జీ ఆయనతోనే రాయిద్దాం అనుకుంటున్నం.

— ఉప్పల్, నాచారం హాస్టళ్ల విద్యార్థులం